ఆ వేడి ఇంజన్‌ది

జనవరి నెల, విజయవాడలో సాయంత్రం ఆరు గంటలు. డెట్రాయిట్ దగ్గర చదువుకుంటున్న మా మేనల్లుడు వీడియో కాల్ చేశాడు. వాడికి పొద్దున ఏడున్నర, బయట మైనస్ 16 డిగ్రీలు. కారు అద్దం మీద ముగ్గుపిండి చల్లినట్టు మంచు పేరుకుపోయి ఉంది. చేతికి గ్లవ్స్ వేసుకుని కూడా వేళ్లు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటున్నాడు.

"మావయ్యా, హీటర్ ఫుల్లుగా పెట్టాను. పావుగంట నుంచి చల్లగాలే కొడుతోంది."

"నిన్న హైవే మీద వెళ్లినప్పుడు వేడి వచ్చిందా?"

కాస్త గుర్తు చేసుకున్నాడు. "వచ్చింది. సిగ్నల్ దగ్గర ఆగితే చల్లబడేది. మళ్లీ బయలుదేరితే వచ్చేది."

ఆ ఒక్క మాటతో అనుమానం ఎటు పోవాలో తెలిసింది. "ఇవాళ్టికి బస్సులో వెళ్లు. కారు తియ్యకు. ఇంజన్ పూర్తిగా చల్లారాక, సాయంత్రం బోనెట్ ఎత్తి చూద్దాం" అన్నాను. వాడి సాయంత్రం అంటే నాకు మర్నాడు తెల్లవారుజాము నాలుగు గంటలు. ఫరవాలేదు. పన్నెండేళ్లు నడిచిన సెకండ్ హ్యాండ్ కారు అది. చల్లగాలి గురించి వాడి బాధ వేళ్లకు సంబంధించింది. నా బెంగ ఇంజన్ గురించి.

ఎందుకంటే కారు హీటర్ వేడిని పుట్టించదు. ఏసీకి కంప్రెసర్ ఉన్నట్టు హీటర్‌కి సొంత యంత్రమంటూ ఏదీ లేదు. గీజర్‌లో ఉన్నట్టు కాలే కాయిల్ కూడా మామూలు పెట్రోలు కార్లలో ఉండదు. అది ఇచ్చే వేడంతా ఇంజన్ దగ్గర అరువు తెచ్చుకున్నదే. అందుకే హీటర్‌లో చల్లగాలి వస్తే, చాలాసార్లు అది ఇంజన్ నీళ్ల గురించి మనకు అందే మొదటి కబురు.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది

కాలవ గట్టున ఆయిల్ ఇంజన్లు నడిచిన రోజులు చూసినవాళ్లకు ఇది చెప్పకుండానే తెలుసు. ఇంజన్ పక్కన నీళ్ల పీపా ఉండేది. చన్నీళ్లు ఇంజన్ లోపలికి వెళ్లి, వేడెక్కి, తిరిగి పీపాలో పడేవి. చలికాలం పొద్దున్నే ఆ నీళ్లతో కాళ్లూ చేతులూ కడుక్కుంటే ప్రాణం లేచొచ్చేది. కారు హీటర్‌లో జరిగేది అదే. పీపా స్థానంలో రేడియేటర్ వచ్చింది, నీళ్లు బయటికి కనబడకుండా పైపుల్లో తిరుగుతాయి.

పెట్రోలు మండితే పుట్టే శక్తిలో ఇంజన్ పనిగా మార్చగలిగేది మామూలు కార్లలో పావు వంతు నుంచి మూడో వంతు దాకానే. మిగిలినదంతా వేడిగా పోతుంది. కొంత పొగతో పాటు సైలెన్సర్ గుండా వెళ్లిపోతుంది. ఇంచుమించు అంతే వేడిని ఇంజన్ చుట్టూ తిరిగే నీళ్లు మోసుకుపోతాయి. ఇంజన్ బాగా వేడెక్కాక ఆ నీళ్ల నుంచి హీటర్ తీసుకోగలిగే వేడి మన ఇళ్లలో వాడే గీజర్లు రెండు కలిసి ఇచ్చేంత ఉంటుంది. ఎలాగూ పారబోసే వేడి కాబట్టి దానికి అదనంగా పెట్రోలు కాలదు.

నీళ్లు అంటున్నాను గానీ అవి వట్టి నీళ్లు కావు. సగం నీళ్లు, సగం ఎథిలీన్ గ్లైకాల్, తుప్పు పట్టనివ్వని మరికొన్ని రసాయనాలు కలిసిన ద్రవం అది. దాన్నే కూలెంట్ అంటారు. వట్టి నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. ఇనుప ఇంజన్ బ్లాకును చీల్చడానికి ఆ ఉబ్బు చాలు. సగం గ్లైకాల్ కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. మరిగే వేడి కూడా పెరుగుతుంది. ప్రెషర్ కుక్కర్ లాగే రేడియేటర్ మూత లోపల పీడనాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి, 120 డిగ్రీలకు చేరినా కూలెంట్ మరగకుండా తట్టుకుంటుంది.

ఈ కూలెంట్‌ను వాటర్ పంపు తిప్పుతుంది. ఇంజన్ నుంచి ఒక దారి ముందున్న పెద్ద రేడియేటర్‌కి పోతుంది. ఇంకో దారిగా బొటనవేలి లావు రబ్బరు పైపు ఒకటి ఇంజన్ వెనక ఉన్న రేకు గోడను దాటి డాష్‌బోర్డు లోపలికి వెళ్తుంది. అక్కడ నోటుపుస్తకం అంత సైజులో ఒక బుల్లి రేడియేటర్ ఉంటుంది. దాని పేరు హీటర్ కోర్. వేడి కూలెంట్ అందులోకి ఒక పైపు గుండా వచ్చి, ఇంకో పైపు గుండా తిరిగి వెళ్లిపోతుంది. ఫ్యాను దాని మీదుగా గాలి కొడితే ఆ గాలి వేడెక్కి మన కాళ్ల మీదికీ అద్దం మీదికీ వస్తుంది. మనం తిప్పే నాబ్ చాలా కార్లలో నీళ్లను ఆపదు. లోపల ఉన్న ఒక రెక్కను అటూ ఇటూ జరుపుతుంది. రెక్క ఒకవైపు ఉంటే గాలి హీటర్ కోర్ గుండా వస్తుంది, ఇంకోవైపు ఉంటే దాన్ని తప్పించుకుని వస్తుంది.

ఇంత తేలికైన ఏర్పాటు కార్లలోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 1893లో షికాగోకు చెందిన మార్గరెట్ విల్కాక్స్ 'కార్ హీటర్' పేరుతో అమెరికాలో పేటెంట్ తీసుకుంది. అప్పట్లో అమెరికాలో కార్ అంటే ఎక్కువగా రైలు పెట్టె అనే అర్థం. మోటారు కార్లు వచ్చిన కొత్తలో చలిదేశాల వాళ్లు కంబళ్లు కప్పుకుని, కాళ్ల కింద వేడి ఇటుకలు పెట్టుకుని ప్రయాణం చేసేవాళ్లు. ఆ తర్వాత వేడి పొగగొట్టం పక్కనుంచి గాలిని లాక్కునే హీటర్లు వచ్చాయి. ఆ గొట్టానికి చిల్లు పడితే విషవాయువు కారులోకి వచ్చేది. బయటి గాలిని లోపలికి తీసుకుని, వడగట్టి, ఇంజన్ నీళ్లతో వేడిచేసి ఇచ్చే పద్ధతిని 1938లో నాష్ మోటార్స్ తన కార్లలో పెట్టింది. ఇవాళ మన కార్లలో ఉన్నది దాని వారసత్వమే.

వేళ్లే థర్మామీటర్

తెల్లవారుజామున నాలుగింటికి ఫోను మోగింది. ఇంజన్ చల్లగా ఉంది. నేను అడిగే ప్రశ్నల వరస ఎవరికైనా పనికొస్తుంది కాబట్టి అలాగే రాస్తున్నాను.

మొదటిది, గాలి వస్తోందా? గాలే రాకపోతే అది ఫ్యాను మోటారు జబ్బు, లేదా దాని ఫ్యూజు జబ్బు. నీళ్లతో సంబంధం లేదు. గాలి గట్టిగా వస్తూ చల్లగా ఉంటేనే ముందుకు వెళ్లాలి. వాడి కారులో గాలి బాగానే వస్తోంది.

రెండోది, డాష్‌బోర్డులో ఇంజన్ వేడి చూపించే ముల్లు ఎక్కడ ఉంటోంది? పది పదిహేను నిమిషాలు నడిపినా అది మధ్యకు రాకపోతే, లేదా ఊళ్లో మధ్యకు వచ్చి హైవే ఎక్కగానే పడిపోతే, థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందని అర్థం. ఇంజన్‌కూ పెద్ద రేడియేటర్‌కూ మధ్య కాపలా వాల్వ్ అది. లోపల ఒక చిన్న లోహపు గిన్నెలో మైనం ఉంటుంది. కారును బట్టి 80, 90 డిగ్రీల ప్రాంతంలో మైనం కరిగి ఉబ్బి ఒక పుల్లను తోస్తుంది, తలుపు తెరుచుకుంటుంది. చల్లబడితే స్ప్రింగ్ తలుపు మూసేస్తుంది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు, మైనమే దాని తెలివి. ఆ తలుపు మూసుకోకపోతే, నీళ్లు వేడెక్కకముందే రేడియేటర్‌కి పోయి చల్లారిపోతాయి. ఇంజన్‌కే వేడి మిగలనప్పుడు హీటర్‌కి ఏం ఇస్తుంది? మా వాడి ముల్లు మాత్రం మధ్యకే వస్తోంది. థర్మోస్టాట్ మీద అనుమానం తగ్గింది.

మూడోది, కూలెంట్ డబ్బా. బోనెట్ కింద ఒక మూలన తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. దాని మీద మిన్, మ్యాక్స్ అని రెండు గీతలు. మూత తియ్యకుండానే బయటి నుంచి మట్టం తెలుస్తుంది. వాడు ఫోను టార్చి వేసి చూపించాడు. మిన్ గీతకు రెండు వేళ్ల కింద, అడుగున కాసిని గులాబీ రంగు నీళ్లు.

"దొరికింది" అన్నాను.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత గానీ, పీడనం ఉండే డబ్బా మూత గానీ తియ్యకూడదు. ఆవిరి దిగని కుక్కర్ మూత లాక్కుంటే ఏమవుతుందో మనందరికీ తెలుసు. 100 డిగ్రీలు దాటి, పీడనం వల్లే మరగకుండా ఆగిన ద్రవం మూత తియ్యగానే ఒక్కసారిగా మరిగి మొహాన చిమ్ముతుంది. గంటలు ఆగాలి. చేత్తో ముట్టుకుంటే పూర్తిగా చల్లగా ఉండాలి.

నాలుగోది, నీళ్లు నిండుగానే ఉన్నప్పుడు చెయ్యాల్సిన పరీక్ష. ఇంజన్ వేడెక్కాక, హీటర్ ఫుల్లుగా పెట్టి, హీటర్‌కి వెళ్లే రబ్బరు పైపులు రెండింటినీ వేళ్లతో ఒక్క క్షణం తాకి చూడాలి. రెండూ వేడిగా ఉంటే నీళ్లు బాగా తిరుగుతున్నట్టే, జబ్బు లోపల గాలిని మళ్లించే రెక్కలో ఉంది. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే నీళ్లు కోర్ వరకు వచ్చి ఆగిపోతున్నాయి. కోర్ పూడుకుపోయి ఉండాలి. కొన్ని కార్లలో ఆ దారిలో వాల్వ్ ఉంటుంది, అదైనా మూసుకుపోయి ఉండాలి. రెండూ చల్లగా ఉంటే వేడి నీళ్లు ఇటు రావడమే లేదు. బెల్టుకూ ఫ్యానుకూ దూరంగా ఉండే చోటే తాకాలి. రేడియేటర్ ఫ్యాను చెప్పకుండా తిరగడం మొదలెడుతుంది. చున్నీ, మఫ్లర్, వదులు చొక్కా చేతులు ముందే సర్దుకోవాలి.

గాలి పట్టిన పంపు

కూలెంట్ తగ్గితే హీటర్ ఎందుకు ముందు చల్లబడుతుంది? పొలంలో మోటారు నడిపినవాళ్లు 'గాలి పట్టింది' అంటారు. పైపులో గాలి చిక్కితే మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం రావు. కారులోనూ అంతే. చాలా కార్లలో హీటర్ కోర్ కాస్త ఎత్తుగా ఉంటుంది. నీళ్లు తగ్గగానే గాలి పైకి చేరి అక్కడే కూర్చుంటుంది. ఇంజన్ నిదానంగా తిరుగుతున్నప్పుడు వాటర్ పంపు తోపు తక్కువ, ఆ గాలిని నెట్టలేదు. హైవే మీద ఇంజన్ వేగం పెరిగితే పంపు వేగమూ పెరిగి, గాలిని తోసుకుంటూ కొన్ని నీళ్లు కోర్‌లోకి వెళ్తాయి. అందుకే వాడికి హైవే మీద వేడి, సిగ్నల్ దగ్గర చలి. పంపు లోపలి రెక్కలు అరిగిపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది. అయితే డబ్బా చూడటానికి పది సెకన్లు, పంపు విప్పడానికి పూట పడుతుంది. అందుకే డబ్బా ముందు.

వాడు ఆ కారుకి ఏ కూలెంట్ పోయాలో కారు పుస్తకంలో చూసి, సగం నీళ్లు ముందే కలిపిన డబ్బా కొనుక్కొచ్చాడు. రంగు చూసి కొనకూడదు. గులాబీ, ఆకుపచ్చ, నీలం అన్నవి ఒక్కో కంపెనీ ఇష్టం, లోపలి మందు వేరు కావచ్చు. చల్లటి ఇంజన్‌లో మెల్లగా పోశాడు. హీటర్ నాబ్ పూర్తిగా వేడివైపు తిప్పి, మూత తీసే ఉంచి, ఇంజన్ స్టార్ట్ చేశాడు. కాసేపటికి బుడగలు రావడం మొదలైంది. బుడగ పైకి వచ్చినప్పుడల్లా మట్టం కిందికి దిగుతోంది, వాడు మళ్లీ పోస్తున్నాడు. లీటరున్నర పట్టింది. బుడగలు ఆగాక మూత బిగించాడు. లోపలికి వెళ్లి కూర్చుని అరచెయ్యి గాలి దగ్గర పెట్టాడు. వాడి మొహం చూస్తేనే తెలిసింది.

"వేడొస్తోంది మావయ్యా! అయిపోయింది కదా?"

"కాలేదురా. ఆ లీటరున్నర ఎక్కడికి పోయింది?"

కూలెంట్ పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న పైపుల్లో తిరిగేదే తిరుగుతుంది. తగ్గిందంటే కారుతోందనే అర్థం. నింపి ఊరుకోవడం అంటే కన్నం ఉన్న కుండను మళ్లీ మళ్లీ నింపడమే. మూడు రోజుల్లో మళ్లీ చల్లగాలి వచ్చింది, మట్టం మళ్లీ దిగింది. ఈసారి ఇంజన్ కింద, పక్కన అంతా టార్చి వేయించి చూశాను. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం, దాని కింద ఎండిపోయిన గులాబీ చార, ఉప్పు పేరినట్టు పొర. ఆ రంధ్రం తయారీలో లోపం కాదు. పంపు లోపలి సీలు అరిగితే ఆ సంగతి బయటికి తెలియాలని కావాలనే వదిలే రంధ్రం అది. సీలు పోయింది. దగ్గరి వర్క్‌షాపులో పంపు మార్పించుకున్నాడు.

ఇది పంపుతో పోయింది కాబట్టి అదృష్టం. నీళ్లు బయట ఎక్కడా కనబడకుండా తగ్గుతుంటే రెండు చోట్ల వెతకాలి. హీటర్ కోర్ కారుతుంటే కారు లోపల తియ్యటి వాసన వస్తుంది. అద్దం లోపలివైపు జిడ్డుగా మసకబారుతుంది. డాష్‌బోర్డు కింద కార్పెట్ తడుస్తుంది. ఇంజన్ బ్లాకుకూ దాని పైభాగానికీ మధ్య సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ పోతే మాత్రం నీళ్లు మంట మండే చోటికే కారతాయి. అప్పుడు ఇంజన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగదు, కూలెంట్‌లో బుడగలు ఎంత పోసినా ఆగవు, ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు తిరుగుతుంది. వీటిలో ఏది కనబడినా బండి నడపకుండా లాక్కెళ్లే ఏర్పాటు చేసుకోవాలి.

ఆ తియ్యదనం గురించి ఇంకో మాట. ఎథిలీన్ గ్లైకాల్ విషం. నాలుకకు తియ్యగా ఉంటుంది కాబట్టే పిల్లలకూ కుక్కలకూ పిల్లులకూ మరీ ప్రమాదం. కొద్దిగా తాగినా మూత్రపిండాలు దెబ్బతింటాయి. నేల మీద ఒలికితే వెంటనే తుడిచెయ్యాలి, పాత కూలెంట్‌ను కాలవలో పారబొయ్యకూడదు.

మిగిలిన రెండు జబ్బులు చిన్నవి. గాలి మళ్లించే రెక్కను తిప్పే బుల్లి మోటారులో ప్లాస్టిక్ పళ్లు విరిగితే డాష్‌బోర్డు వెనక టిక్ టిక్ మని చప్పుడు వస్తుంది, నాబ్ ఎంత తిప్పినా గాలి మారదు. కొన్ని కార్లలో డ్రైవర్‌కి వేడి, పక్కవాళ్లకు చలి అయ్యేది కూడా దీనివల్లే. పూడుకుపోయిన కోర్‌ను పైపులు విప్పి వెనక నుంచి ముందుకు నీళ్లు పట్టి కడిగితే చాలాసార్లు బాగవుతుంది. లీకు ఆపుతాయని కూలెంట్‌లో పోసే పొడులు ఆ సన్నటి గొట్టాల్లోనే గడ్డకడతాయి.

ఎలక్ట్రిక్ కార్ల కథ వేరు. ఇంజనే లేదు కాబట్టి అరువు తెచ్చుకునే వేడి పెద్దగా లేదు. బ్యాటరీ కరెంటుతో హీటర్ నడపాలి, లేదా ఏసీని తిరగేసినట్టు పనిచేసే హీట్ పంపు పెట్టాలి. చలికాలంలో ఒక చార్జింగ్‌తో వెళ్లే దూరం తగ్గడానికి ఇదొక పెద్ద కారణం. అక్కడ వందల వోల్టుల కరెంటు ఉంటుంది, ఇంట్లో విప్పి చూసే పని కాదు.

మండుటెండలో అదే హీటర్

మనకెందుకు ఇదంతా అనిపించవచ్చు. విజయవాడలో హీటర్ నాబ్ ఎర్రటి వైపు తిప్పినవాళ్లు ఎంతమంది? లంబసింగికో అరకుకో డిసెంబరులో వెళ్లినప్పుడు అద్దానికి లోపల పట్టిన మసక పోగొట్టుకోవడానికి ఒకటి రెండుసార్లు. అప్పుడైనా హీటర్‌తో పాటు ఏసీ కూడా వెయ్యాలి. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, హీటర్ ఆ పొడిగాలిని వేడిచేస్తుంది, అద్దం త్వరగా తేటపడుతుంది.

కానీ హీటర్ మనకు అసలు పనికొచ్చేది మే నెలలోనే. అది బుల్లి రేడియేటర్ అని చెప్పాను కదా. ఎండలో, ఘాట్ రోడ్డులో, నిండా మనుషులతో ఎక్కుతున్నప్పుడు ముల్లు ఎర్ర గీత వైపు వెళ్తుంటే ఏసీ ఆపి, కిటికీలు దించి, హీటర్ ఫుల్లుగా పెట్టాలి. ఒళ్లంతా చెమట పడుతుంది, నిజమే. కానీ ఇంజన్ నీళ్ల నుంచి ఆ వేడి మన మీదుగా బయటికి పోతుంది. భద్రంగా బండి పక్కకు తీసే వ్యవధి దొరుకుతుంది. ఆ సమయంలో ఒక్క సంగతి గమనించాలి. ముల్లు పైకి పోతోంది, హీటర్ మాత్రం చల్లగాలి కొడుతోంది అంటే ఇంజన్‌లో నీళ్లు లేవనో, తిరగడం లేదనో అర్థం. ఇంకో వంద గజాలు కూడా నడపకుండా ఇంజన్ ఆపెయ్యాలి. నీళ్లు పూర్తిగా పోయినప్పుడు ముల్లు కూడా నమ్మదగింది కాదు, వేడిని కొలిచే సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది.

మన దగ్గర రెండు అలవాట్లు ఇంజన్లను తినేస్తున్నాయి. ఒకటి, వేడెక్కుతోందని కొన్ని షెడ్లలో థర్మోస్టాట్ పీకి పారెయ్యడం. దాంతో ఇంజన్ ఉండాల్సిన వేడికి రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. అసలు జబ్బు రేడియేటర్‌లోనో పంపులోనో అలాగే మిగిలిపోతుంది. రెండోది, కూలెంట్ తగ్గితే పంపు నీళ్లు పొయ్యడం. మన బోరు నీళ్లు చాలా చోట్ల ఎంత ఉప్పో గీజర్ కాయిల్ మీద కట్టిన తెల్లటి పొర చూస్తే తెలుస్తుంది. ఆ పొరే రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. తుప్పును ఆపే మందు పలచబడి ఇనుము కరగడం మొదలవుతుంది. దారిలో తప్పనిసరై పొయ్యాల్సి వస్తే పోసి ఇంటికి చేరాలి, తర్వాత మొత్తం తీయించి సరైన కూలెంట్ నింపించాలి.

పంపు మార్చిన మర్నాడు మేనల్లుడు చిన్న వీడియో పంపాడు. మాటల్లేవు. మంచు కప్పిన అద్దం. ఫ్యాను చప్పుడు. అద్దం అడుగున అర్ధచంద్రంలా ఒక తేట, అది మెల్లగా పైకి పాకుతోంది, దాని వెనక వీధి, చెట్లు, ఎదురింటి తలుపు ఒక్కొక్కటే కనబడుతున్నాయి.

అది చూశాక నేను కిందికి వెళ్లి మా కారు బోనెట్ ఎత్తాను. డబ్బాలో మట్టం సరిగ్గానే ఉంది. రంగు మాత్రం పలచటి టీ రంగు. ఎప్పుడో సర్వీసులో ఎవరో నీళ్లు కలిపారు, నేను మట్టం చూసి తృప్తిపడ్డాను గానీ రంగు చూడలేదు. ఆ వారమే అంతా తీయించి, కడిగించి, కొత్త కూలెంట్ పోయించాను. ఇప్పుడు నెలకోసారి, పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉండగా, మట్టమూ రంగూ రెండూ చూస్తున్నాను. ఆ తర్వాత బండి తీసి పది నిమిషాలు నడిపి, ఏసీ ఆపి, ఒక్క నిమిషం హీటర్ వేస్తాను. విజయవాడ ఉక్కలో మొహానికి వేడిగాలి తగిలితే నిశ్చింతగా ఉంటుంది.